లఙ్ లకారము – స్పానిష్ అసంపూర్ణ భూతము – తెలుగు 'ఎడివాడు'

ఐరోపా పండితులు సంస్కృత వ్యాకరణమును తమ భాషలలో వివరించునప్పుడు లఙ్ లకారమునకు 'ఇంపర్ఫెక్ట్' అని పేరిడిరి. అసంపూర్ణమని దాని యర్థము. ఆ పేరు పాఠ్యగ్రంథములలో నిలిచిపోవుటచే, లఙ్ ముగియని భూతక్రియను బోధించునను భ్రాంతి ఛాత్రులకు కలుగుచున్నది. ఆ పేరే గల స్పానిష్ కాలమును పరిశీలించినచో ఈ భ్రాంతి తొలగును.

స్పానిష్ ధాతువులు ఆర్, ఎర్, ఇర్ అంతములుగా త్రివిధములు. 'ఆబ్లార్' (మాటలాడుట) అను నియతధాతువునకు 'ఆర్' లోపింపగా ఉత్తమ, మధ్యమ, ప్రథమపురుషలలో వరుసగా ఏకవచనమున ఆబ్లాబా, ఆబ్లాబాస్, ఆబ్లాబా. బహువచనమున ఆబ్లాబామోస్, ఆబ్లాబాయిస్, ఆబ్లాబాన్ అని రూపములు. ఇందలి 'బా' లాటిన్ నుండి సంక్రమించినది. ఎర్, ఇర్ అంతములకు 'ఈయా' చేరును: కొమేర్ (తినుట) – కొమీయా. ఈ కాలమున నియమము తప్పు ధాతువులు మూడే: ఉండుట, పోవుట, చూచుట అను నర్థములు గలవి.

ఇక అర్థము. ముగిసిన పలుకునకు 'ఆబ్లో' అనియు, అలవాటైన పలుకునకును జరుగుచుండిన పలుకునకును 'ఆబ్లాబా' అనియు ప్రయోగము. మన ప్రాంతమునుండియే ఉదాహరణము చూపవచ్చును. "మార్కాపురము, గిద్దలూరు పూర్వము కర్నూలు జిల్లాలో ఉండెడివి, 1970లో ఒంగోలు జిల్లాలో చేరినవి." 'ఉండెడివి' అనుచోట స్పానిష్‌లో అసంపూర్ణ భూతము, 'చేరినవి' అనుచోట సంపూర్ణ భూతము వచ్చును. "మూడుమార్లు పోయెను" అని సంఖ్య నిర్ణీతమైనచో సంపూర్ణమే. తెలుగునందును అచట 'పోయెడివాడు' పొసగదు. అయితే "పలక చెక్కెడివాడు", "పలక చెక్కుచుండెను" అని తెలుగు వేరుపరచు రెండర్థములను స్పానిష్ ఒక్క రూపముననే చెప్పును.

పాణిని విభాగము వేఱు. లుఙ్ భూతసామాన్యమున (3-2-110), లఙ్ అనద్యతన భూతమున (3-2-111), లిట్ పరోక్షానద్యతనమున (3-2-115) విహితములు. ఇచట ప్రమాణము దినమును, వక్త ప్రత్యక్షతయును. క్రియ ముగిసెనా లేదా అన్నది కాదు. 'హ్యః అపఠత్' అనగా నిన్న చదివెను; చదువుట ముగిసినను లఙ్ సాధువే. మఱి ఆ పేరెట్లు వచ్చెను? గ్రీకు భాషలోని అసంపూర్ణ భూతము 'ఎఫెరోన్', మన 'అభరమ్' రూపమున సోదరములు: రెంటను ఆదియందు ఆగమము, పిదప వర్తమానాంగము. రూపసామ్యమున వచ్చిన పేరును అర్థసామ్యముగా గ్రహింపరాదు.

తెలుగున 'చదివెడి' అనునది తద్ధర్మార్థక విశేషణము. "చదివెడివాడు వచ్చెను" అనుచోట 'చదివెడివాడు' నామము. "వాడు నిత్యము చదివెడివాడు" అనుచోట విధేయమై గతకాలపు అలవాటును చెప్పును. స్పానిష్ అసంపూర్ణమునకు అభ్యాసార్థమున సమీపబంధువు ఇదియే గాని లఙ్ కాదు.

దీని ఫలము అనువాదమున కానవచ్చును. 'రామో వనమ్ అగచ్ఛత్' అనుదానిని "రాముడు అడవికి పోయెడివాడు" అన్నచో ఒక్క ప్రయాణము నిత్యకృత్యమగును, కథయే చెడును. "ప్రతిదినము గుండ్లకమ్మకు పోయెడివాడు" అనుదానిని సంస్కృతీకరించునప్పుడు 'అగచ్ఛత్' మాత్రము చాలదు. 'ప్రతిదినమ్' అను పదమే అభ్యాసమును తెలుపును. 'గచ్ఛతి స్మ' అనియు చెప్పవచ్చును. కావున బోధకులు లఙ్‌ను 'అనద్యతన భూతము' అను స్వకీయనామముతోనే పరిచయము చేయుట మేలు.