కప్పల బెకబెకకు ఏ రికార్డరు?

తొలకరి వాన వెలిసిన రాత్రి నిజాంపేట చెరువుగట్టున కప్పల బెకబెకలు రికార్డు చేయాలంటే ఎలాంటి రికార్డరు కావాలి? ఆ రాత్రి జారిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి!

శబ్దమంటే గాలిలో సాగే అల. డిజిటల్ రికార్డరు ఆ అలను సెకనుకు, ఉదాహరణకు, 48,000 సార్లు కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. పట్టదలచిన శబ్దపు పౌనఃపున్యానికి ఈ కొలతలు రెట్టింపుకు మించి ఉండాలి. మన చెవికి హద్దు 20,000 హెర్ట్జ్‌లు; కనుక కప్పలకు 48,000 చాలు. అదే గట్టుపై పురుగులను వేటాడే చిన్న గబ్బిలాల కూత 40,000 హెర్ట్జ్‌లు దాటవచ్చు. వాటికైతే 1,92,000 కొలతలూ, అంతటి కీచుధ్వనిని పట్టే మైకూ కావాలి. కప్పల కోసం అంత పెద్ద అంకె కొనడం డబ్బు దండగే.

ఆ డబ్బుతో మైకుకు బొచ్చు తొడుగు కొనండి. గాలి నేరుగా మైకును కొడితే పుట్టే బుసబుస కప్పల గొంతులను మింగేస్తుంది. మీటరు చివరి గీత దాటినా చిక్కే: అలల తలలు తెగి, బెకబెక కాస్తా బరబరగా మారుతుంది. రికార్డు స్థాయిని చేత్తో తగ్గించే మీట ఉందో లేదో దుకాణంలోనే చూసుకోండి.