పాట యొకటి, కంఠములు పెక్కు

పాటకు పుట్టినిల్లొకటియే, మెట్టినిండ్లు పెక్కు. మెట్టినింట నెంత మన్ననయున్నను ఆడుబిడ్డ పుట్టింటి పేరు మఱవదు. పాట యట్లు చెప్పుకొనజాలదు. దాని పక్షమున మనమే చెప్పవలయును.

అమెరికా దేశమున బిగ్ మామా థార్న్‌టన్ అను నల్లజాతి గాయని 1952లో "హౌండ్ డాగ్" అను పాట పాడెను. మఱుసటి యేట ఆ రికార్డు "రిథమ్ అండ్ బ్లూస్" పట్టికయందు ఏడు వారములు ప్రథమస్థానమున నిలిచెను. 1956లో ఎల్విస్ ప్రెస్లీ దానినే వేఱొక పోకడతో పాడెను. నేడు పలువు రది ఆయన పాటయనియే తలంతురు.

మనకును ఇట్టి కథ యొకటి కలదు. "మా తెలుగు తల్లికి మల్లెపూదండ" అను గీతమును తిరుపతి వాస్తవ్యులగు శంకరంబాడి సుందరాచారిగారు 1942 నాటి "దీనబంధు" చలనచిత్రమునకై వ్రాసిరి. చిత్రమున దానికి చోటు దొరకలేదు. ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె టంగుటూరి సూర్యకుమారిగారు, ఇరువదియేండ్లయినను నిండకమునుపే, దానిని గ్రామఫోను రికార్డున పాడిరి. చిత్రము కాదన్న పాట ఇంటింటికిని చేరెను. 1975లో హైదరాబాదున ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిననాట రాష్ట్రగీతముగా మన్నన పొందెను. పిదప బడిపిల్లలు మొదలు సభాగాయకులవఱకు పాడని వారులేరు. 2010లో వచ్చిన "లీడర్" చిత్రమునను అది వినవచ్చెను. అమెరికాలో మఱుగుపడినది తొలిగాయని. ఇచ్చట మఱుగుపడినది కవి. సుందరాచారిగారి కడపటి దినములు లేమిలో గడచినవి. 1977లో వారు కన్నుమూసిరి.

మా నల్లగండ్లలో ఒకే మేడమెట్లపై గోదావరి సీమవారును, పాలమూరు, ఓరుగల్లువారును ఎదురుపడుదురు. 2014లో రాష్ట్రములు వేఱయిన పిదప పిల్లల కే గీతము నేర్పవలెనని కొందఱు తల్లులు మమ్మడుగుచుందురు. "జయ జయహే తెలంగాణ" గీతమును వ్రాసిన అందెశ్రీగారు బడిచదువు లేకయే కవియైనవారు. ఉద్యమదినములలో వేలమంది పాడుకొన్న ఆ గీతము 2024 జూన్ 2న కీరవాణిగారి సంగీతముతో రాష్ట్రగీతముగా వెలువడెను. దానికిని పాతపోకడ యొకటి, క్రొత్తపోకడ యొకటి యున్నవి.

రెండును నేర్పుడని మా మనవి. బడిలో ఏది పాడవలెనో ప్రభుత్వము నిర్ణయించును. ఊయెలకడ, వంటయింట ఏది పాడవలెనో నిర్ణయించునది తల్లియే. ఒక తల్లిని కొలుచుటకై మఱియొక తల్లిని కించపఱచుట మన యిండ్లలోని మర్యాద కాదు.

అయితే చేతిఫోనులో మొదట వినబడిన గొంతునే పాటకు కర్తగా నెంచుట పిల్లలకు అలవాటయినది. కావున పాట నేర్పునపుడు వ్రాసినవారి పేరును, మొదట పాడినవారి పేరును ముందుగా వారిచేత చెప్పింపుడు. దానికి అరనిమిషమైన పట్టదు. లేమిలో కన్నుమూసిన కవికి మనమిప్పుడు ఈయగలిగినది అదియే.