ఆర్కెస్ట్రా నుంచి విడివడి వచ్చిన ఫిడేలు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఆర్కెస్ట్రా అంటే తంత్రీవాద్యాలు, ఊది వాయించేవి, కొట్టి వాయించేవి కలిసి, ఎవరి స్వరలిపి వారు చూసుకుంటూ, ఒక నిర్వాహకుని చేతిసైగకు లోబడి, వేర్వేరు స్వరాలను ఏకకాలంలో పలికించే పెద్ద బృందం. ఆ స్వరాల పొందికకే హార్మనీ అని పేరు. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం, అనగా స్వరం ఉన్నచోట నిలవక ఊగుతూ, జారుతూ పక్కస్వరాన్ని తాకివచ్చే పోకడ. అనకాపల్లి నూకాంబిక జాతరలో సన్నాయిలెన్ని మోగినా నడిచేది ఒకే రాగం, దాని వెనుక శ్రుతి, పక్కన డోలు. అందుచేత ఆర్కెస్ట్రా ఈ నేలకు మొత్తంగా రాలేదు, వాద్యం వాద్యంగా విడివడి వచ్చింది.

వాటిలో బాగా వేళ్లూనుకున్నది ఫిడేలు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుని వద్ద దానిని అభ్యసించి కర్ణాటక సంగీతానికి మలిచారు. గడ్డం కింద నొక్కిపట్టే వాద్యాన్ని బాసింపట్టు వేసుకొని, దాని తలను కుడిపాదం మీద ఆనించి వాయించడంతో, బరువు మోసే పని తప్పిన ఎడమచేయి తీగ పొడవునా జారడానికి వీలు చిక్కింది. తీగలను షడ్జమ పంచమాలకు శ్రుతి చేయడంతో అది పూర్తిగా మనదైపోయింది. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన మొదలైన సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, 1936లో దానికే అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడు, పాటకు పక్కవాద్యంగా ఉండిన ఫిడేలును నిండు కచేరీకి నాయకవాద్యంగా నిలిపారు.

బృందవాదనకు చోటు దొరికింది సినిమాలోను, రేడియోలోను. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు ‘మల్లీశ్వరి’ (1951) వంటి చిత్రాలలో వాద్యబృందాన్ని రాగం చెడకుండా నడిపారు. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో ఏర్పడిన వాద్యబృందానికి తరువాతి కాలంలో నిర్వాహకులైన ఈమని శంకరశాస్త్రి స్వయంగా వైణికులు. ఇద్దరు విద్వాంసులు ఒకేలా ఊపని గమకాన్ని అంతమందిచేత ఒకేలా ఊపించాలంటే దానిని ముందే కాగితం మీద బిగించాలి, బిగిస్తే మనోధర్మానికి, అనగా అప్పటికప్పుడు అల్లే సంగీతానికి, చోటు తగ్గుతుంది. ఈ చిక్కు నేటికీ పూర్తిగా విడలేదనే చెప్పాలి.

ఇప్పుడు పెళ్లిపందిరిలో ఫిడేళ్ల గుంపు నాదాన్ని ఒక్క కీబోర్డే వినిపిస్తున్నది. మీట నొక్కితే స్వరం కదలక నిలుస్తుంది; అందుకే వాద్యకారుడు కుడిచేత్తో రాగం నడుపుతూ, ఎడమచేతి వేలితో పక్కనున్న చిన్న చక్రాన్ని అటూ ఇటూ కదిలిస్తూ స్వరాన్ని ఊపుతుంటాడు.