కోళ్ల పెంట కంపు: ఏ ఖనిజం పనికొస్తుంది, ఏది పెంచుతుంది

కోడికి మూత్రం విడిగా ఉండదు. శరీరం వదిలించుకునే నత్రజని యూరిక్ ఆమ్లంగా మారి రెట్టతో కలిసి తెల్లగా బయటికొస్తుంది. తడి తగిలాక బాక్టీరియా దాన్ని విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. షెడ్డులో కళ్లు మండించే ఘాటు ప్రధానంగా దానిదే. గాలిలో అది 25 పీపీఎం దాటకూడదని పెంపకందారులకు సాధారణంగా చెబుతారు. దాటితే కోళ్ల కళ్లు, శ్వాసనాళం దెబ్బతిని రోగాలు సులువుగా సోకుతాయి.

తడిలో అమ్మోనియా కొంత అమ్మోనియంగా ఉంటుంది. దానికి ధనావేశం ఉంటుంది, గాలిలోకి లేవదు. జియోలైట్ అనే ఖనిజం పట్టుకునేది ఈ రూపాన్నే. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో అల్లుకున్న ఈ ఖనిజం నిండా సన్నని రంధ్రాలు. చట్రానికి ఋణావేశం ఉండడంతో లోపల సోడియం, కాల్షియం వంటివి చేరి ఉంటాయి. అమ్మోనియం వచ్చినప్పుడు అవి చోటు ఖాళీ చేస్తాయి. ఇందుకు ఎక్కువగా వాడేది క్లినోప్టిలోలైట్ రకం. చెరువుల్లో జియోలైట్ చల్లే కోస్తా రొయ్యల రైతులకు దాని పేరు కొత్త కాదు. అయితే ఉప్పునీటి చెరువులో సోడియం పోటీపడి దాని పని తగ్గిస్తుంది. కోళ్ల పెంటలో ఆ పోటీ పొటాషియం నుంచి వస్తుంది. పైగా రంధ్రాలు నిండాక ఇక పట్టే చోటుండదు. ఒకసారి చల్లి బ్యాచ్ అంతా నిశ్చింతగా ఉండడం కుదరదు.

జిప్సం దారి వేరు. పెంటలోని అమ్మోనియం కార్బొనేట్ జిప్సంతో కలిస్తే అమ్మోనియం సల్ఫేట్, కాల్షియం కార్బొనేట్ ఏర్పడతాయి. సల్ఫేట్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. అయితే నీళ్లు నిలిచి గాలాడని గుంటల్లో జిప్సం వేయకూడదు. అక్కడ సల్ఫేట్ కాస్తా కుళ్లిన గుడ్ల వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. అది ప్రాణాంతక వాయువు.

కంపు రాగానే చాలామంది చేయి సున్నం మీదికే పోతుంది. తడి పెంటలో అది చేసేది చెరుపే. క్షారగుణం పెరిగితే అమ్మోనియం వాయువుగా మారి ఘాటు అప్పటికప్పుడే ఎక్కువవుతుంది. షెడ్డు ఖాళీ చేసి, పెంట ఎత్తేశాక నేలకు సున్నం కొట్టడం వేరే సంగతి.

ఇంతకీ కంపంతా అమ్మోనియాదే కాదు. తడిసి కుళ్లే పెంట నుంచి గంధక వాయువులు, కొవ్వు ఆమ్లాలు కూడా వస్తాయి, వాటి మీద ఈ ఖనిజాల పట్టు తక్కువ. కారే నీటి నిపుళ్లు బాగుచేయకుండా, నేల మీది ఊకను తిరగేయకుండా, గాలాడనివ్వకుండా ఎన్ని బస్తాలు చల్లినా డబ్బు దండగే. చల్లేటప్పుడు దుమ్ము పీల్చకుండా ముక్కుకు మాస్కు తప్పనిసరి.

గాలిలో కలిసిపోవాల్సిన నత్రజని పెంటలో నిలిస్తే ఎరువు విలువ పెరుగుతుంది. జియోలైట్ పట్టినది పొలంలో మెల్లగా పైరుకు అందుతుంది. జిప్సం కలిసిన ఎరువులో కాల్షియం, గంధకం అదనంగా ఉంటాయి. వేరుశనగకు ఆ రెండూ అవసరమే.