చదువుకూ ‘కజా’ ఉంది

రమజాన్ మాసానికి ముందు ఒక సాయంత్రం తోట్లవల్లూరులో అస్ర్ నమాజు ముగించుకుని బయటికి వస్తున్నాము. గుమ్మం వద్ద ఒక సోదరుడు మా కోసం వేచి ఉన్నాడు. కృష్ణ ఒడ్డున లంకభూమి కౌలుకు తీసుకుని పసుపు, అరటి పండించుకునే మనిషి. కుమారుణ్ణి ఇంజనీరింగు చదివిస్తున్నాడు. ఆ అబ్బాయి మూడవ సంవత్సరం మధ్యలో హాస్టలు విడిచి ఇంటికి వచ్చేశాడు. రాత్రులు నిద్ర లేదు, పగలు మాట లేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద మింగుడు పడదు. పుస్తకం తెరిస్తే కన్నీళ్ళు వస్తాయి.

“ఎవరో ఏదో చేయించారు మౌల్వీ సాబ్! ఒక తాయెత్తు కట్టండి. పరీక్షలు దగ్గర పడ్డాయి” అన్నాడా తండ్రి.

మేము తాయెత్తు కట్టలేదు. కాని చేసిన పని అంతకంటె మెరుగైనదేమీ కాదు. అబ్బాయిని పిలిపించి, విశ్వాసం బలహీనపడితే మనసు ఇలాగే కుంగిపోతుందని, నమాజు, తిలావత్ పెంచమని, సంవత్సరం వృథా చేసుకోకుండా వెంటనే కాలేజీకి వెళ్ళమని హితబోధ చేశాము. అబ్బాయి తల వంచుకుని విన్నాడు, వెళ్ళాడు. రెండు వారాలు తిరగకముందే మళ్ళీ ఇంటికి చేరాడు. తనకిక బ్రతకాలని లేదని తల్లితో చెప్పాడు.

ఆ తల్లి ఆలస్యం చేయలేదు. మరునాడే విజయవాడలో మానసిక వైద్యునికి చూపించారు. ఇది డిప్రెషన్ అనే వ్యాధి అని, నయమవుతుందని, మందులతోపాటు కొంతకాలం చదువు ఆపటం అవసరమని ఆయన చెప్పారు. పరామర్శకు వెళ్ళిన మమ్మల్ని ఆ అబ్బాయి ఒకే ఒక ప్రశ్న అడిగాడు: “హజ్రత్, ఉపవాసం ఉండలేని రోగికి అల్లాహ్ సెలవు ఇచ్చాడు గదా, చదవలేని రోగికి లేదా?”

ముప్పై ఏళ్ళుగా ఫిఖ్‌హ్ బోధిస్తున్న మేము ఆ క్షణాన సిగ్గుపడ్డాము.

రోగికీ ప్రయాణికునికీ రమజాన్ ఉపవాసాలను వాయిదా వేసుకునే సౌలభ్యం దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోనే ఉంది. విడిచినన్ని రోజులు తరువాత లెక్కకు లెక్క పూర్తి చేయాలి. అదే కజా. నిలబడి నమాజు చేయలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని చేయవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. కోలుకునే ఆశ లేని రోగికి మాత్రమే కజాకు బదులు ఫిద్‌యా ఉంది. ఈ రెంటికీ గల తేడాను తల్లిదండ్రులు గ్రహించాలి. చదువు పూర్తిగా మాన్పించటం ఫిద్‌యా వంటిది. ఒక ఏడాది ఆపి, చికిత్స పొంది, తిరిగి కొనసాగించటం కజా వంటిది. కోలుకునే ఆశ ఉన్నవాని చేత ఫిద్‌యా ఇప్పించటం ఎంత తప్పో, జ్వరంతో మండిపోతున్నవాని చేత ఉపవాసం ఉండమని పట్టుపట్టటమూ అంతే తప్పు.

మన చరిత్రలో దీనికి సమీపమైన ఉదంతం ఇమామ్ గజాలీ (రహ్మ) గారిది. 1091లో బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యులుగా నియమితులైనప్పుడు ఆయన వయస్సు సుమారు 33 ఏళ్ళు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన వద్ద చదివేవారు. 1095లో ఆయన నాలుక పాఠం చెప్పటానికి కదలలేదు, ఆహారం గొంతు దిగలేదు. వ్యాధికి మూలం హృదయంలో ఉందని, అది తేలికపడితే తప్ప మందులు పనిచేయవని వైద్యులు చేతులెత్తేశారు. ఈ సంగతులన్నీ ఆయన ‘అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్’ గ్రంథంలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఆ సంవత్సరాంతంలో ఆయన పదవి విడిచారు. బోధన బాధ్యత తమ్ముడు అహ్మద్‌కు అప్పగించారు, కుటుంబ పోషణకు ఏర్పాటు చేశారు, దమస్కుకు ప్రయాణమయ్యారు. 1106లో నీషాపూరులో తిరిగి బోధన చేపట్టారు. ‘ఇహ్‌యా ఉలూముద్దీన్’ ఆ విరామ కాలపు ఫలమే. ఆయన సంక్షోభం ప్రధానంగా ఆధ్యాత్మికమైనది. దానికి నేటి వ్యాధి పేరు తగిలించటం మా ఉద్దేశం కాదు. అంతటి విద్వాంసుడు ఆగవలసిన చోట ఆగాడు, తిరిగి రావలసిన చోటికి వచ్చాడు. మేము చెప్పదలచింది ఇంతే.

మనసు జబ్బు విశ్వాస లోపమనే మాట కూడా నిలవదు. కుమారుని ఎడబాటుతో విలపించి యాఖూబ్ (అలై) చూపు కోల్పోయారు. దుఃఖం నుండి, వ్యాకులత నుండి శరణు కోరే దుఆను దైవప్రవక్త (స) నేర్పారు. వైద్యం చేయించుకోమని ఆదేశించినదీ ఆయనే. పదవ శతాబ్దంలో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహారోగ్యం, మానసికారోగ్యం రెండింటిపై ఒకే గ్రంథం రచించారు. కనుక దుఆ, దవా రెండూ కావాలి. రమజాన్‌లో మందు వేళలు మార్చవచ్చునా, ఉపవాసం ఉండవచ్చునా అన్నది వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఎవరికి వారు మందులు మానటం ప్రమాదకరం.

ఇక విరామం తీసుకునే పద్ధతి. చెప్పాపెట్టకుండా కాలేజీ మానటం విరామం కాదు. వైద్యుని ధ్రువపత్రంతో విభాగాధిపతికి, ప్రిన్సిపాలుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు దాచుకోవాలి. తొందరపడి టి.సి. తీసుకోకూడదు. హాజరు మినహాయింపు ఎంత వరకు దొరుకుతుంది, తిరిగి ఏ సెమిస్టరులో చేర్చుకుంటారు, సిలబస్ మారితే ఏం చేయాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ ఏమవుతాయి అన్నవి ముందే అడగాలి. జె.ఎన్.టి.యు. నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ బి.టెక్. పూర్తి చేయటానికి ఎనిమిదేళ్ళ గడువు ఉంది. ఒక సంవత్సరం ఆగితే సర్వం కోల్పోయినట్లు కాదు.

మన దేశంలో 2022వ సంవత్సరంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలరు ఉండాలని నిర్దేశించింది. కనుక సహాయం అడగటం భిక్ష కాదు, హక్కు. టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బ్రతకాలని లేదన్న మాట బిడ్డ నోట వస్తే బెదిరింపుగా తీసిపారేయకండి. ఒంటరిగా వదలక, ఆనాడే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

ఆడపిల్లల విషయంలో మరొక ఆపద ఉంది. చదువు ఆగిన వెంటనే పెళ్ళి మాటలు మొదలవుతాయి. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని పెద్దలు అంటారు. నికాహ్ ఒక ఒప్పందం, జబ్బుకు మందు కాదు. కుమారునికి కజా, కుమార్తెకు ఫిద్‌యా అనే న్యాయం షరీఅతులో లేదు.

ఆ అబ్బాయి సంవత్సరంపాటు ఇంటి వద్దే ఉన్నాడు. మొదటి నెలలు నిద్రతోనే గడిచాయి. తరువాత తండ్రి వెంట అరటి తోటకు వెళ్ళసాగాడు. ఇరుగుపొరుగు “చదువు మానేశాడా?” అని అడిగితే, “జబ్బు చేసింది, తగ్గాక వెళతాడు” అని తల్లి బదులు చెప్పేది. అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు. ఇప్పుడు తనకంటె చిన్నవారి తరగతిలో కూర్చుని చదువుకుంటున్నాడు. మందులు ఇంకా వాడుతున్నాడు. ఒక సబ్జెక్టు మిగిలి ఉంది.

వెళ్ళే ముందు మా వద్దకు వచ్చి దుఆ చేయమన్నాడు. చేశాము. ఆ మొదటి రోజున మేము చెప్పిన మాటలకు మన్నించమని అతణ్ణి కోరాము కూడా. మస్జిదు గుమ్మం వద్ద ఇటువంటి తండ్రులు మా తోటి ఇమాములకూ ఎదురవుతారు. అప్పుడు ముందుగా బిడ్డ చెప్పేది వినండి. వైద్యుని వద్దకు దారి చూపండి. హితబోధకు తరువాత సమయం ఉంటుంది. అల్లాహ్ మన బిడ్డలకు స్వస్థతను, మనకు వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.