రూపాయి పడితే కార్మికుడికి పండగేనా?

డాలరు రేటు పెరిగినప్పుడల్లా ఎగుమతిదారులకు పండగేనని వింటుంటాం. ఆ పండగ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ మనిషి దాకా వస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగి తీరాలి. మారకపు రేటు మీద మనకున్న నమ్మకాల్లో చాలావాటి బరువు మోసేది ఆ మనిషే.

అపోహ: డాలరు 65 రూపాయల నుంచి 84కి వెళ్లిందంటే మన సరుకు విదేశాల్లో అంత చవకైనట్టే.

వాస్తవం: 2015-16లో డాలరు సగటున 65 రూపాయల పైచిలుకు. 2024 నవంబరులో 84 పైనే ఉంది. అయినా అప్పటికి మన సరుకు చవక కాలేదు సరికదా, ప్రియమైంది. రూపాయిని 40 కరెన్సీలతో పోల్చి, దేశాల మధ్య ధరల పెరుగుదలలోని తేడాను కూడా కలిపి రిజర్వు బ్యాంకు ఒక వాస్తవ మారకపు సూచీ కడుతుంది. 2015-16లో అది 100 అనుకుంటే, 2024 నవంబరులో 108 దాటింది. డాలరు ముందు తగ్గింది రూపాయి ఒక్కటే కాదు, యెన్, యూరో కూడా తగ్గాయి. పైగా ఆ దేశాలకంటే ఇక్కడ ధరలు వేగంగా పెరిగాయి.

ఫ్యాక్టరీలో ఇది ఎలా ఉంటుందో ఒక ఊహా లెక్క చూద్దాం. ఐదు డాలర్లకు ఒప్పుకున్న టీషర్టుకు అప్పట్లో 325 రూపాయలు చేతికొచ్చేవి, 84 రేటుకు 420 వస్తాయి. ఈలోగా నూలు, కరెంటు, రవాణా, కూలి అన్నీ కలిసి 300 నుంచి 400 అయ్యాయనుకుంటే, ఒక్కో టీషర్టు మీద మిగులు 25 నుంచి 20కి దిగింది. జీతం పెంచమని అడిగితే యజమాని చూపించేది ఆ 20నే, పేపర్లో వచ్చిన 84ని కాదు.

అపోహ: రూపాయి పడితే ఎగుమతి పరిశ్రమల్లో పనులూ పెరుగుతాయి, జీతాలూ పెరుగుతాయి.

వాస్తవం: ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తోందన్నది ముందు చూడాలి. సూరత్‌లో సానబట్టే వజ్రం దాదాపు అంతా దిగుమతే. హైదరాబాద్ మందుల కంపెనీల్లో చాలావాటికి ముడి రసాయనాలు చైనా నుంచి రావాలి. అమ్మకంలో వచ్చిన లాభంలో కొంత కొనుగోలులోనే కరిగిపోతుంది. ఆంధ్ర తీరంలోని రొయ్యల ప్లాంట్ల సంగతి వేరు, సరుకు మన చెరువుల్లోదే. అక్కడైనా రూపాయి పడిన సంగతి విదేశీ కొనుగోలుదారుకు తెలియకపోదు, వచ్చే ఆర్డరులో ధర తగ్గించమంటాడు.

జీతం విషయానికొస్తే, రొయ్య వలిచే మహిళకు కిలోకింత అని కట్టిన కూలి డాలరుతోపాటు లేవదు. ఆమె ఇంట్లో వంటనూనె ధర మాత్రం లేస్తుంది, ఎందుకంటే దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే. కనీస వేతనాల్లోని కరవు భత్యం సాధారణంగా ఆర్నెల్లకోసారి సవరిస్తారు. అది అందే చోట కూడా ధర ముందు, భత్యం వెనక.

అపోహ: మారకపు రేటు ఎదురుతిరిగినా, ఉద్యోగం పోలేదంటే దెబ్బ తగలనట్టే.

వాస్తవం: అమెరికా పరిశ్రమలను పరిశీలించిన ఆర్థికవేత్తలు లిండా గోల్డ్‌బర్గ్, హోసే కాంపా 2001లో చూపించింది దీనికి విరుద్ధం. అక్కడ మారకపు రేటు ప్రభావం ఉద్యోగాల సంఖ్య మీదకంటే వేతనాల మీదే ఎక్కువగా కనిపించింది. తక్కువ లాభంతో నెట్టుకొచ్చే పరిశ్రమల్లో మరీనూ. మన దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో సుమారు 40 శాతం కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. ఆర్డర్లు తగ్గితే ముందు ఓవర్‌టైమ్ ఆగుతుంది, తర్వాత కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటాడు. పర్మినెంటు ఉద్యోగుల లెక్క చెక్కుచెదరదు కాబట్టి బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

అపోహ: కరెన్సీ మళ్లీ దారికొస్తే పోయిన పనులూ తిరిగొస్తాయి.

వాస్తవం: దీనికి జవాబు 1980ల అమెరికాలో ఉంది. 1980 నుంచి 1985 దాకా డాలరు విలువ విపరీతంగా పెరిగి, దిగుమతుల పోటీ ఎదుర్కొన్న పరిశ్రమలను కుదిపేసింది. ఆ ఒక్క కారణంగా తాను పరిశీలించిన పరిశ్రమల్లో ఉపాధి 4.5 నుంచి 7.5 శాతం, వేతనాలు 2 శాతం తగ్గాయని ఆర్థికవేత్త అనా రెవెంగా 1992లో లెక్కగట్టారు. 1985 సెప్టెంబరు 22న న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఐదు దేశాలు డాలరును దించాలని ఒప్పందం చేసుకున్నాయి. 1987 కల్లా అది బాగా దిగింది కూడా. అమెరికా తయారీ రంగంలో ఉద్యోగాలు మాత్రం 1979 నాటి సుమారు 1.95 కోట్లకు మళ్లీ ఎన్నడూ చేరలేదు. నెపమంతా డాలరు మీదే వేయలేం, యంత్రాలూ, ఆ తర్వాత చైనా పోటీ కూడా ఉన్నాయి. కానీ ఒకసారి మూతపడ్డ ఫ్యాక్టరీ మారకపు రేటు చూసి తలుపులు తెరవదు, పని పోయినవాళ్ల సంపాదనా వెనక్కి రాదు. 1980లలో పెన్సిల్వేనియాలో మూకుమ్మడి తొలగింపులకు గురైన, ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసిన కార్మికులు ఐదారేళ్ల తర్వాత కూడా, ఉద్యోగం నిలిచి ఉంటే వచ్చేదానికంటే దాదాపు నాలుగో వంతు తక్కువే సంపాదిస్తున్నారని ఆర్థికవేత్తలు జేకబ్సన్, లాలాండ్, సల్లివన్ 1993లో తేల్చారు.