ఇంజను నీరు త్రాగుచున్నదా? హెడ్ గాస్కెటు కాలినట్లు గుర్తించు విధము

ఉదయము ట్రాక్టరు రేడియేటరులో నిండుగ పోసిన నీరు సాయంత్రమునకు రెండు లీటర్లు తగ్గినది. క్రింద నేల తడియలేదు, గొట్టములు కారుటలేదు. ఆ నీరు ఎక్కడికి పోయినదో తేలువరకు మరొక చాలు దున్నరాదు.

నేను పంటల సాగు బోధించువాడను, మెకానిక్కును కాను. అయినను ఈ సంగతి వ్రాయుటకు కారణమున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మృగశిర వానలు పడిన వారములో శంషాబాదు వైపు రైతు ఒకరు తన ట్రాక్టరు నీరు త్రాగుచున్నదని చెప్పగా, "పదును ఆరిపోవును, నీరు పోసికొనుచు విత్తనము ముగించుకొనండి" అని సలహా ఇచ్చితిని. మూడవనాడు ఇంజను బిగిసిపోయినది. గాస్కెటుతో తీరవలసిన ఖర్చు బేరింగులు, క్రాంకు షాఫ్టు వరకు ప్రాకినది. పదునును దక్కలేదు.

సిలిండరు బ్లాకునకు, దానిపై మూతవలె కూర్చుండు హెడ్డునకు నడుమ వేయు పలుచని పొరయే గాస్కెటు. డీజిలు ఇంజనులో గాలి పదునారు, పదునేడు వంతులలో ఒక వంతుకు కుదింపబడి 500 డిగ్రీలు దాటి వేడెక్కును; ఆ వేడికే డీజిలు మండును. ఇంత నిప్పునకు వ్రేలెడు దూరములోనే చల్లబరచు నీటి దారియు, నూనె దారియు ఉన్నవి. ఈ మూడింటిని కలియనీయక ఆపునది ఆ పొర ఒక్కటే. అది ఏ చోట కాలినదో దానిని బట్టి గుర్తులు మారును. కావున ఒక్క గుర్తును చూచి హెడ్డు విప్పించకండి.

మొదటి పరీక్ష మీరే చేయవచ్చును. ఇంజను రాత్రంతయు చల్లారిన పిమ్మటనే రేడియేటరు మూత తీయవలెను. గగన్‌పహాడ్ ప్రాంతము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున మూతలేని నీరు ఇక్కడ సుమారు 98 డిగ్రీలకే మరగును. మూత బిగించియున్నప్పుడు అంతకు మించి కాగిన నీరు కూడ ఒత్తిడికి అణగియుండి, మూత విప్పిన క్షణమున ముఖము మీదికి ఎగయును.

చల్లని ఇంజనుకు ఫ్యాను బెల్టు తీసివేసి, రేడియేటరును అంచువరకు నింపి, స్టార్టు చేసి నీటిని చూడండి. మొదట లేచు నాలుగు బుడగలు లోపల చిక్కుకొన్న గాలివి; వానికి భయపడనక్కరలేదు. అవి ఆగక వరుసగా వచ్చుచు, వేగము పెంచిన కొలది ఎక్కువైనచో సిలిండరులోని పొగ నీటిలోనికి దారి చేసికొన్నదన్నమాట. అనేక ట్రాక్టర్లలో నీటి పంపును త్రిప్పునది ఫ్యాను బెల్టే. అది తిరుగుచుండగా పంపు పీల్చిన గాలి కూడ బుడగలుగా కనబడి మిమ్ము మోసగించును. అందుకే బెల్టు తీయుట. ఒక నిమిషమునకు మించి ఇట్లు నడుపరాదు. బెల్టు తిరిగి వేసి, మూత పెట్టి, ఇంజను చల్లారిన తరువాత మరల స్టార్టు చేసి పై గొట్టమును నొక్కి చూడండి. నీరు వేడెక్కకముందే గొట్టము రాయివలె గట్టిపడినచో అనుమానము బలపడును.

తరువాత నూనె. గేజి మీది నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నచో నీరు చేరినదని తెలియును. రాత్రి నిలిపియుంచిన ఇంజను క్రింది బోల్టును తెల్లవారి మెల్లగా వదులు చేసినచో అడుగున చేరిన నీరు నూనెకంటె ముందుగ కారును. అయితే ఇక్కడనే తొందరపాటు కలుగును. తడి లైనర్లు గల ఇంజనులలో లైనరు అడుగున ఉండు రబ్బరు రింగులు చెడినను నీరు నూనెలోనికే దిగును. అప్పుడు హెడ్డు విప్పి క్రొత్త గాస్కెటు వేసినను ఫలితముండదు. రేడియేటరులో బుడగలు లేక నూనెలో మాత్రము నీరున్నచో ముందు ఆ రింగులను చూడుమని మెకానిక్కుకు చెప్పండి. 2020 అక్టోబరు 13 నాటి కుండపోతకు గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగినది. అటువంటి వరదలో మునిగిన ఇంజనులోను నూనె పాలవలె మారును. గాస్కెటు నిక్షేపముగ ఉండవచ్చును.

సైలెన్సరు నుండి తెల్లని పొగ చలికాలపు ఉదయమున కొద్దిసేపు వచ్చుట సహజము. ఇంజను కాగిన తరువాతను ఆగక వచ్చుచు, నీరును తగ్గుచున్నచో సిలిండరులోనికి నీరు దిగుచున్నదని అనుమానింపవలెను. అట్టి ఇంజను తెల్లవారి ఒక్క దెబ్బ కొట్టి తిరుగక నిలిచినచో నెట్టి గాని, మరొక ట్రాక్టరుతో లాగి గాని స్టార్టు చేయరాదు. నీరు గాలివలె కుదియదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును.

నీటిని ఒక ప్రక్క తీసికొని మరొక ప్రక్క వదలు పంపు ఇంజనులకు రేడియేటరు ఉండదు. వానికి బయటికి వచ్చు నీటి ధారను బకెట్టులో ముంచి చూచిన చాలును: మూతి నీటిలో మునిగియుండగా ఆగక బుడగలు వచ్చినచో, లోనికి వచ్చు గొట్టము గాలి పీల్చుట లేదని ముందు నిర్ధారించుకొని, ఆపై గాస్కెటును అనుమానించండి. కాకినాడ, విశాఖపట్నము వంటి రేవులలో సముద్రపు నీటితో నేరుగా చల్లబడు పడవ ఇంజనులకు ఇదే పరీక్ష పనికివచ్చును. ఉప్పునీరు హెడ్డు లోహమునే తినివేయును గనుక వారి తిప్పలు మనకంటె ఎక్కువ.

మనకు శత్రువు బోరు నీటి సున్నము. డ్రిప్పు రంధ్రములను మూయు తెల్లని పెచ్చే రేడియేటరు గొట్టములలోను పేరుకొనును. ఇంజను కాగి హెడ్డు వంగును. వంగిన చోట గాస్కెటు కాలును. కావున రేడియేటరు కడుగక, హెడ్డు సమతలమును ఉక్కు బద్దతో చూడక క్రొత్త గాస్కెటు వేయించుట డబ్బు దండుగ. ఎంత వంకర వరకు చెల్లునో, బోల్టులు ఎంత బిగించవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకములో ఉండును. బోల్టులను నడుమ నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా, టార్కు రెంచితోనే బిగించవలెను. చేతి అంచనా ఇక్కడ చెల్లదు. పాత గాస్కెటులో రాతినార ఉండవచ్చును. దానిని పొడిగా గీకి నోటితో ఊదక, తడిపి తీయించండి. ఇకమీదట రేడియేటరులో బోరు నీటికి బదులు కంపెనీ చెప్పిన కూలెంటు పోయండి. కడిగిన రేడియేటరు ఆరు నెలలు కాకముందే మరల పెచ్చు కట్టుట ఆ నీటి వలననే.